లేతు మిషనుకు రిజిస్టరుంది, చేతికి లేదు

ఐటీఐ వర్క్‌షాపులో లేతు మిషను పేరున ఒక రికార్డు ఉంటుంది. నూనె ఎప్పుడు పోశారు, బెల్టు ఎప్పుడు మార్చారు, మళ్లీ ఎప్పుడు చూడాలి, అన్నీ తేదీలతో సహా అందులో రాస్తారు. ఆ మిషను మీద చెయ్యి వేసి పని నేర్చుకునే పదిహేడేళ్ల కుర్రాడికి మాత్రం అలాంటి కాగితం సాధారణంగా ఉండదు. ధనుర్వాతం టీకా వేసి ఎన్నేళ్లయింది? కంటిచూపు ఎంత? మూర్ఛ వస్తుంటుందా? పొద్దున్న ఏమైనా తిని బయల్దేరాడా? ఇన్‌స్ట్రక్టరు గారిని అడిగితే పిల్లాడి హాజరు చెబుతారు, మార్కులు చెబుతారు, ఇవి మాత్రం చెప్పలేరు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఇవి అడిగి రాసుకోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

వృత్తివిద్య చదివే పిల్లలకు ప్రాథమిక ఆరోగ్య సేవలు ఎలా ఏర్పాటు చేయాలి అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. కోనసీమను ముందు పెట్టుకుని చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది.

పని నేర్చుకునే పిల్లలు ఎవరు?

వృత్తివిద్యలో మూడు దారులున్నాయి. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, డీజిల్ మెకానిక్ లాంటి ట్రేడులు ఒకటి. పాలిసెట్ రాసి చేరే పాలిటెక్నిక్ డిప్లొమా రెండోది. జూనియర్ కాలేజీలో మామూలు ఎంపీసీ, బైపీసీలతో పాటు నడిచే ఒకేషనల్ ఇంటర్ మూడోది. వయసు ఇంచుమించు పదిహేను నుంచి ఇరవై.

అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఈ చదువులకు వచ్చే పిల్లల్లో లంక గ్రామాల వాళ్లు ఉంటారు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య నేల ఇది. కొందరికి పొద్దున్నే రేవు దాటడం, ఆటో పట్టుకోవడం, ఆపైన పల్లెవెలుగు బస్సు. ఇంట్లో పొయ్యి వెలిగేసరికే బయల్దేరాలి. నాన్న కొబ్బరి దింపుకో, చేపల చెరువుల పనికో వెళితే, అమ్మ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లిన ఇళ్లూ ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పిల్లాడి జ్వరం మొదట తెలిసేది నాయనమ్మకు, ఆ తర్వాత మందుల షాపు వాడికి.

చదువు అయ్యాక కొందరు రైల్వే పరీక్షలకు కూర్చుంటారు, కొందరు చమురు, గ్యాస్ కంపెనీల కాంట్రాక్టర్ల దగ్గర చేరతారు. చాలామంది చూపు గల్ఫ్ మీద ఉంటుంది. వీళ్లలో ఎంతోమంది ఒంటికి మొదటిసారి పూర్తి పరీక్ష జరిగేది అప్పుడే. గల్ఫ్ వీసాకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రక్త పరీక్షలు చేస్తారు. ఆ కాగితం మీద చివరికి ఉండేది ఒకే మాట: ఫిట్, లేదా అన్‌ఫిట్. ఊపిరితిత్తుల్లో ఎప్పటిదో పాత క్షయ మచ్చ కనబడినా దారి మూసుకుపోవచ్చు. అప్పటికే ఇంట్లో వాళ్లు అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి ఉంటారు.

రైల్వేలోనూ ఇదే కథ. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి కళ్లజోడు లేకుండా 6/6 చూపు ఉండాలి, రంగులు సరిగ్గా పోల్చుకోగలగాలి. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయి కనిపించే లోపం పుట్టుకతో వస్తుంది, మగపిల్లల్లోనే ఎక్కువ. చుక్కల బొమ్మలున్న చిన్న పుస్తకం చూపిస్తే అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ అయిదు నిమిషాలు ట్రేడు ఎంచుకునే రోజున ఎవరూ కేటాయించరు. రెండేళ్లు ఎలక్ట్రీషియను చదివి, రాత పరీక్ష నెగ్గాక, మెడికల్‌లో తెలుస్తుంది.

బడి వాళ్లూ కారు, కార్మికులూ కారు

ప్రభుత్వానికి పిల్లల ఆరోగ్య పథకాలు లేవని కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు చూస్తుంది. పెద్ద పిల్లల విషయంలో అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పన్నెండో తరగతి దాకా చదివేవాళ్ల చుట్టూ అల్లుకుంది. 2014 జనవరి 7న వచ్చిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వారిది. పోషణ, మనసు, మత్తు అలవాట్లు, గాయాలు-హింస, లైంగిక ఆరోగ్యం, బీపీ-షుగరు లాంటి జబ్బులు, ఈ ఆరింటినీ అది పట్టించుకుంటుంది. బడి బయట ఉన్న పిల్లలనూ కలుపుకోవాలని చెబుతుంది. కానీ కిందిస్థాయిలో పని జరిగేది బడి జాబితాను బట్టి, అంగన్‌వాడీ జాబితాను బట్టి. దేశంలోని ఐటీఐలు సుమారు 15 వేలు, వాటిలో ఐదింట నాలుగు వంతులు ప్రైవేటువి. ఆ పిల్లల పేర్లు ఈ రెండు జాబితాల్లోకీ అంత తేలిగ్గా ఎక్కవు.

మరోవైపు కార్మికుడికి చట్టం ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది, 500 మంది దాటితే అంబులెన్సు గది ఉండాలంది. ఇప్పుడు దాని స్థానంలో లేబర్ కోడ్ వచ్చింది. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం కంపెనీలో అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడికి దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. మరి అదే కుర్రాడు ఏడాది ముందు కాలేజీ వర్క్‌షాపులో అదే వెల్డింగ్ మిషను పట్టుకున్నప్పుడు? ఉద్యోగంలో లేడు కాబట్టి అతను కార్మికుడు కాడు, అప్రెంటిస్‌గా ఒప్పందమూ లేదు. నిప్పు రవ్వకు మాత్రం ఆ తేడా తెలియదు.

నేర్చుకునే వయసులోనే దెబ్బలు ఎక్కువ. అలవాటు లేని చేయి, అడగడానికి మొహమాటం, స్నేహితుల ముందు ధైర్యం చూపాలన్న ఉబలాటం, ఇవన్నీ కలుస్తాయి. 15–24 ఏళ్ల కార్మికులకు పెద్దవాళ్ల కంటే 40 శాతం దాకా ఎక్కువ గాయాలవుతున్నాయని యూరప్ లెక్కలను ఆధారం చేసుకుని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో చెప్పింది.

శిబిరం వేరు, సేవ వేరు

వైద్య శిబిరం అందరికీ తెలిసిందే. ఫ్లెక్సీ, శాలువా, బీపీ మిషను, బి-కాంప్లెక్స్ మాత్రలు, ఫొటో. ఆ రోజున ఒక అమ్మాయికి రక్తం తక్కువని తేలితే, మూడు నెలల తర్వాత అది పెరిగిందో లేదో చూసేది ఎవరు? శిబిరం దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండదు.

ప్రాథమిక ఆరోగ్య సేవ అంటే ప్రపంచ దేశాలు 1978లో ఆల్మా ఆటాలో కూర్చుని ఒప్పుకున్న అర్థం సూటిగానే ఉంది. మనుషులు ఉండేచోటికి, పనిచేసేచోటికి దగ్గరగా అందాలి. జబ్బు రాకముందే అడ్డుకోవాలి. ఒక్కసారితో ఆగకుండా కొనసాగాలి. తన చేతిలో లేనిది వస్తే పై ఆసుపత్రికి దారి చూపాలి. మన దేశంలో 1946లోనే భోర్ కమిటీ ఈ దారిలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను (పీహెచ్‌సీ) సిఫారసు చేసింది. ఆ కేంద్రాలు ఇప్పుడు మన మండలాల్లో ఉన్నాయి. వాటి కింద గ్రామ ఆరోగ్య కేంద్రాలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఊళ్ల వెంట తిరిగే 104 వాహనం ఉంది. ఎవరూ కొత్త ఆసుపత్రి కట్టనక్కర్లేదు. ఆ కేంద్రం పట్టీలో కాలేజీ పేరు ఎక్కించాలి, అంతే. కాలేజీ వైపు నుంచి నాలుగు పనులు జరగాలి.

మొదటి పని: చేరిన రోజున ఒక కార్డు

అడ్మిషన్ ఫారంతో పాటు ఒక పేజీ ఆరోగ్య కార్డు. ఎత్తు, బరువు, బీపీ. రెండు కళ్ల చూపు, రంగుల పరీక్ష. హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు. మూర్ఛ, ఆయాసం, గుండె జబ్బు, షుగరు, మందులు పడకపోవడం ఉన్నాయా అన్న అయిదు ప్రశ్నలు. ఇంట్లో ఫోను ఎత్తేవాళ్ల నంబరు. అమ్మానాన్నలు దేశంలో లేకపోతే ఇక్కడ బాధ్యత తీసుకునే పెద్దవాళ్లది.

ఆ కార్డులో టీకా గడి ఒకటి తప్పకుండా ఉండాలి. జాతీయ టీకాల పట్టికలో ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ కలిపి వేసే టీడీ టీకా 10 ఏళ్లకు ఒకసారి, 16 ఏళ్లకు ఒకసారి ఉంది. పదహారో ఏడు అంటే సరిగ్గా బడి వదిలి వర్క్‌షాపులో అడుగుపెట్టే ఏడు. తుప్పు పట్టిన ఇనుముతో పని మొదలవుతుంది, టీకా వేసే బడి వెనక ఉండిపోతుంది. పీహెచ్‌సీకి ఒక జాబితా పంపితే ఒక్క పూటలో తీరే పని ఇది.

పరీక్షలు ఎవరు చేస్తారు? ఏఎన్ఎం, ఆరోగ్య కేంద్రం సిబ్బంది చేస్తారు. మన ఒకేషనల్ ఇంటర్‌లోనే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది, ఆరోగ్య కార్యకర్తల కోర్సూ ఉంది. ఆ విద్యార్థులు లెక్చరర్ల కనుసన్నల్లో బరువు, చూపు, బీపీ చూడవచ్చు. వాళ్లకు అదే ప్రాక్టికల్. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. సొంత కాలేజీ వాళ్లకు కాకుండా పక్క కాలేజీ వాళ్లకు చేయించాలి. పక్క బెంచీ అమ్మాయి రక్తం ఎంతో తెలిసిన కుర్రాడు దాన్ని క్యాంటీన్ దాకా మోసుకెళ్లకుండా ఉండాలి కదా.

రెండో పని: నెలకొక పూట

నెలలో ఒక రోజు, ఒకే గది, వీలైనంత వరకు ఒకే మనిషి. మొదటి నెల ఎవరూ రారు. నాలుగో నెలకు ఆ ముఖం అలవాటవుతుంది, అప్పుడు మాటలు బయటికొస్తాయి.

అమ్మాయిల్లో వచ్చే మొదటి సమస్య రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) లెక్కన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తం తక్కువ. అబ్బాయిల్లోనూ 31.1 శాతం. అమ్మాయిలకు హిమోగ్లోబిన్ 12, పదిహేనేళ్లు దాటిన అబ్బాయిలకు 13 గ్రాములకు తగ్గితే లోపమే. పాఠం మధ్యలో కునుకు, మెట్లెక్కితే ఆయాసం, మిషను దగ్గర కళ్లు తిరగడం, వీటిని బద్ధకమని తిట్టేముందు ఒక చుక్క రక్తం చూడాలి. వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ప్రభుత్వమే ఇస్తుంది. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వేసుకోకూడదు, నిమ్మకాయ నీళ్లు పక్కనుంటే మంచిది. కడుపులో తిప్పుతుందని మొదటి వారమే మానేసేవాళ్లకు ఈ మూడు మాటలు చెప్పే మనిషి కావాలి.

ఇక్కడ తిండి ప్రస్తావన తప్పదు. లంకల గన్నవరంలో ఉండి, వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఈ నేల మనిషే. 2025 జనవరిలో ఆమె పేరున రాష్ట్రంలోని 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. దానివల్ల అక్కడి ఒకేషనల్ ఇంటర్ పిల్లలకు ఒక పూట భరోసా దొరికింది. ఐటీఐ వెల్డరు కుర్రాడిదీ అదే వయసు, అదే ఆకలి, ఒంటి కష్టం ఇంకాస్త ఎక్కువ. ఆ పథకం మాత్రం జూనియర్ కాలేజీల వరకే రూపొందింది. దాన్ని పొడిగించమని అడగడం ఒక దారి. ఈలోగా ఉదయం హాజరు వేసేటప్పుడు “తిని వచ్చావా?” అని అడగడానికి ఏ జీవో అవసరం లేదు.

నెలసరి మాటకొస్తే, తలుపు గడియ పడే మరుగుదొడ్డి, నీళ్లు, వాడిన ప్యాడు వేసే చోటు ముందు కావాలి. ఇవి లేని కాలేజీలో అమ్మాయిలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం తగ్గిస్తారు. మూత్రంలో మంట అక్కడే పుడుతుంది.

మనసు మాటకొస్తే, ఫలితాలు వచ్చే వారాలు, ప్రేమ చెడిన రోజులు, ఇంట్లో అప్పు గొడవలు, మొదటిసారి మందు సీసా చేతికొచ్చిన రోజులు ముఖ్యం. కౌన్సెలరు ప్రతి కాలేజీకీ దొరకరు. పిల్లలు నమ్మే ఒక మాస్టారో, మేడమో ఉంటారు. వాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇప్పించి, 14416 టెలి మానస్ నంబరు నోటీసు బోర్డు మీద ఎప్పుడూ ఉంచాలి. 2022 అక్టోబర్ నుంచి ఆ నంబరులో రోజంతా ఉచితంగా మాట్లాడేవాళ్లున్నారు.

మూడో పని: వర్క్‌షాపులో ప్రథమ చికిత్స

మామూలు కాలేజీకీ వృత్తివిద్య కాలేజీకీ అసలు తేడా ఇక్కడ ఉంది. ఏ ట్రేడులో ఏ దెబ్బ తగులుతుందో ముందే తెలుసు. తెలిసినప్పుడు సిద్ధం కావడం కష్టం కాదు.

వెల్డింగ్ పిల్లలకు కన్ను. అద్దం అడ్డు లేకుండా ఆర్క్ వైపు చూస్తే ఆ క్షణంలో ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత, ఏ రాత్రివేళో, కంట్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, వెలుగు చూడలేకపోవడం మొదలవుతాయి. ఇంట్లో వాళ్లు ఆముదం చుక్కో, చనుబాలో వేస్తారు. ఏదీ వేయకుండా కళ్లు మూసి ఉంచి, డాక్టరుకు చూపించాలి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఇది రాత్రి వచ్చే నొప్పి అని, పగటి వెల్డింగ్ వల్ల వచ్చిందని ముందే చెప్పి పంపితే సగం భయం పోతుంది.

ఫిట్టరు, టర్నరు పిల్లలకు ఇనుప రజను. కంట్లో పడితే నలపకూడదు, రుమాలు కొసతో తీయకూడదు. గుచ్చుకున్నట్టుంటే పైన చిన్న కప్పు లాంటిది అడ్డం పెట్టి ఆసుపత్రికి పంపాలి. బ్యాటరీ ఆసిడ్ పడితే ఆలోచించే సమయం లేదు. కుళాయి కింద పదిహేను ఇరవై నిమిషాలు ధారగా కడగాలి, ఆ తర్వాతే ప్రయాణం.

కాలిన గాయానికి ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు. టూత్‌పేస్టు, సిరా, పసుపు వద్దు. వేలు తెగి పడితే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి మనిషితో పాటు పంపాలి. ఐసులో నేరుగా వేస్తే పనికిరాకుండా పోతుంది.

ఎలక్ట్రీషియను పిల్లలకు షాక్. ముందు మెయిన్ ఆపాలి, తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి, మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు. బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. ప్రతి సెక్షన్‌లో ఇద్దరు పిల్లలకు, ప్రతి ఇన్‌స్ట్రక్టరుకూ ఏడాదికోసారి నేర్పాలి. రెడ్‌క్రాస్ వాళ్లు ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తారు. ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉన్న చోట దాన్ని ఆ పనుల్లో కలపవచ్చు.

చమురు, గ్యాస్ నేల మీద బతికే పిల్లలకు మరొకటి. 1995 జనవరిలో పాసర్లపూడి గ్యాస్ బావిలో ఎగిసిన మంట ఆరడానికి రెండు నెలలు దాటింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలింది. రాజోలు వైపు చదువుకునే పిల్లలకు గ్యాస్ వాసన వస్తే స్విచ్చు వేయకూడదు, ఆపకూడదు, గాలికి ఎదురు దిక్కుకు పోవాలి అన్న పాఠం సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చెప్పాల్సిందే.

నాలుగో పని: దారి ముందే గీసి ఉంచడం

దెబ్బ తగిలాక ఎక్కడికి తీసుకెళ్లాలో వెతుక్కోవడం మన అలవాటు. గోడ మీద మూడు గీతలతో ఒక పట్టిక చాలు. జ్వరం, చిన్న గాయం, కట్టు మార్చడం అయితే పీహెచ్‌సీ. ఎముక విరగడం, లోతైన గాయం, పాము కాటు అయితే విషానికి విరుగుడు మందు, డాక్టరు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి. తల దెబ్బ, పెద్ద కాలిన గాయం అయితే 108లో అమలాపురం ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి కాకినాడ జీజీహెచ్‌కు. రాజోలు వైపు వాళ్లకు చించినాడ వంతెన దాటితే పాలకొల్లు దగ్గర. ఈ లెక్క కాలేజీని బట్టి మారుతుంది, అందుకే పీహెచ్‌సీ డాక్టరుతో కూర్చుని గీసుకోవాలి.

వరదకు దారి మారుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు నీళ్లలో ఉండిపోయాయి. అడ్మిషన్ల కాలం, వరద కాలం ఇంచుమించు ఒకటే. వరద తగ్గాక కాలేజీకి తిరిగొచ్చే పిల్లాడికి పాము భయం, విరేచనాలు, కాలి పుండ్లు ఉంటాయి. నెలవారీ పూటను ఆ మొదటి వారానికి జరపడం పెద్ద పని కాదు.

కార్డు జల్లెడ కాకూడదు

ఒక భయం న్యాయమైనదే. ఈ కార్డు చూసి కాలేజీ వాళ్లు “నీకు మూర్ఛ ఉంది, సీటు లేదు” అంటే? గల్ఫ్ మెడికల్ ఇలాగే పనిచేస్తుంది: పనికొస్తావా, రావా. కాలేజీ కార్డు అడగాల్సింది వేరే ప్రశ్న: నువ్వు ఇక్కడ నిలవడానికి మేమేం చేయాలి? మూర్ఛ ఉన్న కుర్రాడిని తిరిగే మిషను దగ్గర ఒంటరిగా వదలకుండా, మందులు మానకుండా చూస్తే చదువు సాగుతుంది. రంగులు కలిసిపోయే కుర్రాడికి ఎలక్ట్రీషియను బదులు ఫిట్టరు మేలని మొదటి వారంలో చెబితే రెండేళ్లు మిగులుతాయి. పాత క్షయ మచ్చ ముందే తెలిస్తే, జబ్బు ఇప్పుడు ఉందో లేదో కఫం పరీక్షతో తేల్చుకుని, కాగితాలు చేతిలో పెట్టుకోవచ్చు, ఏజెంటుకు డబ్బు కట్టే ముందే ఇంట్లో వాళ్లు ఆలోచించుకోవచ్చు.

అందుకే కార్డు పిల్లాడిది. పద్దెనిమిది నిండనివాళ్లకు ఇంటివాళ్ల అంగీకారం కావాలి. ఫలితం వాళ్లకూ డాక్టరుకూ మాత్రమే తెలియాలి. ఇన్‌స్ట్రక్టరుకు తెలియాల్సింది మిషను దగ్గర జాగ్రత్తకు పనికొచ్చే ఒక్క వాక్యం. 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరుకు వివరాలు జతచేస్తే పిల్లాడు కాలేజీ వదిలాక కూడా అవి అతని వెంటే వెళ్తాయి.

ఎవరితో మొదలుపెట్టాలి అంటే, కలెక్టరేట్ దాకా పోనవసరం లేదు. పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు ప్రిన్సిపాలు గారిని మర్యాదగానే ఒక మాట అడగండి: “ఏవండీ, వర్క్‌షాపులో ప్రథమ చికిత్స పెట్టె ఉంది కదా, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందండీ?” పెట్టె ఆఫీసు బీరువాలో, తాళంచెవి ఆ రోజు సెలవులో ఉన్న గుమాస్తా దగ్గర ఉందని తెలిస్తే, ముందు ఆ పెట్టెను బయటికి తెచ్చి వర్క్‌షాపు గోడకు తగిలించాలి. మిగతావి ఆ తర్వాత.